వడ్డీకి తెచ్చిన నిద్ర

తిరుపతి నడిబొడ్డున ఒక దేవుడు నిద్రపోతున్నాడు. గోవిందరాజస్వామి. తల కింద దిండు లేదు, కుంచం ఉంది. కొండ మీది తమ్ముడు వెంకన్న పెళ్ళి ఖర్చుకని కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చడానికి, వచ్చిన కానుకలన్నీ కొలిచి కొలిచి రెక్కలు పడిపోయి, కొలిచిన కుంచాన్నే తలకింద పెట్టుకుని ఒరిగాడని మా ఊరి కథ. పైన తమ్ముడికా, కునుకు తీసే పూటే కరువు. రాత్రి బాగా పొద్దుపోయాక ఏకాంత సేవ. ఉయ్యాల మంచం, వేడి పాలు, తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వెంగమాంబ ముత్యాల హారతి. రెప్ప వాలిందో లేదో, చీకటి విడవకముందే సుప్రభాతం. అప్పు కొలిచినవాడు పడుకున్నాడు, అప్పు చేసినవాడు మేలుకున్నాడు. ఆ ఇద్దరి నడుమ, బైరాగిపట్టెడలో ఒక పెంకుటింట్లో, పడుకోనూ లేక మేలుకోనూ లేక మా అమ్మ.

నిద్రా, నిన్నే అడుగుతున్నా. శేషాచలం వాలు మీద ఎర్రచందనం మానులకు దొరుకుతావు. ఎండిన స్వర్ణముఖి ఇసుకలో ఊరకుక్కకు దొరుకుతావు. అలిపిరిలో చేతిసంచి తలకింద పెట్టుకుని నేలమీద వాలిన ఏ ఊరి యాత్రికుడికో అడక్కుండానే దొరుకుతావు. మా అమ్మ కంటికి మాత్రం ఏం పాపం చేసిందని ముఖం చాటేశావు? ఎనిమిదింటికే దీపం ఆర్పి, వాకిలి వేసి, వీధి కుక్క మొరిగినా విసుక్కుని, నీ కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నామే. చుక్కలన్నీ చూసి పోతున్నాయి, చందమామ చూసి పోతున్నాడు, నువ్వే రావు. వచ్చినా గడపలో నిలబడి, పేరు పెట్టి పిలిచేలోపు వెనుదిరుగుతావు.

ఈ దుఃఖానికి మొదలు 2021 మే. కరోనా రెండో వేవ్. నాయన పోయాడు. మూట కట్టిన మనిషిని దూరం నుంచి చూపించారు, అదైనా మాకు చూపించారు. మా వైపు చావింట ఆడవాళ్ళు ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, పోయినవాడి గుణాలు వరసబెట్టి, రాగం తీసి ఏడుస్తారు. ఒకరు పట్టుకుంటే ఒకరు అందుకుంటారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక ఎవరో బలవంతాన రెండు ముద్దలు తినిపిస్తారు. ఆ రాగం అమ్మకు దక్కలేదు. ఏడుపు కూడా అంటుకునే జబ్బేమో అన్నట్టు ఎవరిళ్ళలో వాళ్ళుండిపోయారు. నలభై ఏళ్ళ నేస్తం, పక్కింటి అత్త, గేటవతల నుంచి చేతులు జోడించి, మాస్కు తడిసిపోతుండగా నిలబడి వెళ్ళిపోయింది. అమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. చేతులు మాత్రం వణికాయి. గుండెదడ. చీకటి పడితే గోడకు ఆనుకుని తెల్లవార్లూ కూర్చోవడం. ఒక డాక్టరు చూసి అల్ప్రజోలం రాశాడు. పాయింట్ ఫైవ్, రాత్రికొకటి, వారం రోజులు.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. ఆ చిన్న మాత్రను మేమంతా కళ్ళకద్దుకున్నాం. అబద్ధమెందుకు, ఆ రాత్రికి అది దేవుడే.

వారమన్న మాట చీటీ మీదే ఉండిపోయింది. చీటీ నలిగింది, మడతలో చిరిగింది, మాత్ర మాత్రం మారలేదు. కొన్నాళ్ళకు రాత్రిది చాలక పొద్దున కూడా ఒకటి చేరింది. ఎవరైనా అడిగితే అమ్మ "నరాల మాత్తర" అనేది. ఏళ్ళు అలా గడిచాయి. నాయన ఫొటోకు దండ మార్చేటప్పుడు కూడా అమ్మ ముఖంలో నీరెండ లేదు, నీడ లేదు. మేం దాన్ని ధైర్యం అనుకున్నాం. బంధువులు మెచ్చుకున్నారు కూడా, ఎంత గుండెదిటవు మనిషో అని.

ఆ మాత్ర పుట్టుక మా ఇంటికి చాలా దూరం. నాజీల నీడ పడుతున్న యూరప్‌ను వదిలి 1941లో అమెరికా చేరిన లియో స్టెర్న్‌బాక్ అనే రసాయనవేత్త, రోష్ కంపెనీ ప్రయోగశాలలో ఈ మందుల కుటుంబపు తొలి బిడ్డను కనిపెట్టాడు. 1960లో లిబ్రియం పేరుతో బజారుకొచ్చింది. 1963లో దాని చెల్లెలు వాలియం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో వేంకటేశ సుప్రభాతం రికార్డు వచ్చిందీ ఆ 1963లోనే. లోకాన్ని జోకొట్టే బిళ్ళా, మా ఊరిని లేపే పాటా ఒకే ఏడు పుట్టాయి. కాకతాళీయమే, అయినా మా ఇంట్లో ఆ రెంటికీ రోజూ పోరు. అమ్మ వేసుకునే అల్ప్రజోలం ఆ వంశంలో చిన్నది, 1981లో అమెరికా అనుమతి పొందింది. చిన్నదే గానీ చురుకు ఎక్కువ. ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగుతుంది. పదకొండు గంటలు తిరిగేసరికి నెత్తుట్లో సగానికి సగం కరిగిపోతుంది. అందుకే తెల్లవారుజామున, వీధి చివరి గుడి మైకులో సుబ్బులక్ష్మి గొంతు లేచే వేళకు, అమ్మ ఒళ్ళంతా ముచ్చెమటలు. యాభై ఏళ్ళు చెవులారా విని చేతులు జోడించిన పాటకు చెవులు మూసుకుని మంచంలో ముడుచుకుపోయేది. ఏ దొంగ ఎత్తుకుపోయినా ఇంత నష్టం అనిపించదు. పాట పోయింది మా అమ్మకు.

మెదడుకు తనదైన జోల ఒకటుంది, గాబా అంటారు. ఉరకలెత్తే నాడీకణాన్ని నెమ్మదించే రసం అది. ఈ మాత్ర కొత్త పాట పాడదు, ఆ జోలకే గొంతు పెంచుతుంది. రాత్రి పగలు అంత గట్టిగా పాడుతుంటే మెదడు ఏం చేస్తుంది? చెవి మందగింపజేసుకుంటుంది. అప్పుడు ఒక్కసారిగా మాత్ర మానేస్తే, సన్నబడిన జోల, మందగించిన చెవి. అణిగి ఉన్న నాడులన్నీ ఒక్కుమ్మడిగా లేస్తాయి. చిటికెడు వెలుతురు కత్తవుతుంది. చెంచా కింద పడితే పిడుగవుతుంది. చెవుల్లో కీచురాళ్ళు, చర్మం కింద చీమలు, కండల్లో ఉలికిపాట్లు, అరిచేతుల్లో చెమట, ఏ కారణమూ లేని మరణభయం. మరీ మోతాదు పెద్దదై, మానడం అకస్మాత్తుదైతే ఫిట్సు.

అప్పు సంగతి మా ఊరికి కొత్త కాదు. వెంకన్న కుబేరుడికి పత్రం రాసిచ్చాడు. బ్రహ్మ సాక్షి, శివుడు సాక్షి, రావిచెట్టు సాక్షి అంటారు. అసలెంతో తెలుసు, గడువు కలియుగం చివరిదాకా అని తెలుసు. వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకుంటున్నాం కూడా. అమ్మ నిద్రను అప్పు తెచ్చుకున్ననాడు పత్రం లేదు, సాక్షి లేదు. ఒక రాత్రి నిద్రకు ఇన్ని రాత్రుల మెలకువ వడ్డీ అని చెప్పిన నోరు లేదు. అచ్చెరువేమిటంటే అప్పిచ్చినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ జాలిపడే ఇచ్చారు.

మా మామకు తెలిసిన వైద్యం ఒక్కటే. "అక్కా, కాణిపాకం పోదాం రా. కోనేట్లో మునిగి, వినాయకుడి ముందర ప్రమాణం చేస్తే పీడ ఒగదెబ్బకు వదిలిపోతాది. నేను తాగుడు అట్లనే మానినా" అన్నాడు. మామ చెప్పింది నిజమే. బాహుదా ఒడ్డున ఆ స్వయంభువు ముందు తడిబట్టలతో నిలబడి సారా మానినవాళ్ళు, బీడీ మానినవాళ్ళు మా జిల్లాలో ఊరూరా ఉన్నారు. అక్కడ చేసిన ప్రమాణం తప్పితే ఏమవుతుందో అన్న భయం పోలీసు భయం కన్నా పెద్దది. అమ్మ మునిగింది. మాటిచ్చింది. ఆ రాత్రి మాత్ర వేసుకోలేదు. మర్నాడూ వేసుకోలేదు. ఆ మర్నాడు వంటింట్లో నిలువునా పడిపోయింది, దవడలు బిగుసుకుని, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ.

వినాయకుడిని ఏమంటాం? అది మాట మీద నిలబడి గెలిచే యుద్ధం కాదు. మనసు మాటిస్తే మెదడు సంతకం పెట్టదు. మొండిగా ఒక్కరోజులో వదిలేయడమే మగతనమనీ భక్తి అనీ మనవాళ్ళు అనుకుంటారు. ఈ మాత్ర విషయంలో ఆ మొండితనమే ప్రాణాపాయం.

ఆసుపత్రిలో అమ్మను చూసిన డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళుంటాయేమో. తిట్టలేదు. మంచం పక్కన కూర్చుని, "అమ్మా, నువ్వు మాత్రకు అలవాటు పడలేదు, నీ మెదడు పడింది. దాన్ని బెదిరిస్తే తిరగబడుతుంది. బతిమాలుకుంటూ దించుదాం" అంది. మళ్ళీ పాత మోతాదే మొదలుపెట్టింది. ప్రమాణం తప్పినట్టేనా అని అమ్మ గుడ్ల నీళ్ళు కుక్కుకుంది. "మానతానన్నావు గానీ రేపే మానతాననలేదు గదా" అంది ఆ పిల్ల. అంత మంచి ధర్మసూక్ష్మం నేను ఏ పురాణంలోనూ వినలేదు.

ఇంగ్లండులో న్యూకాజిల్ అనే ఊళ్ళో హెదర్ ఆష్టన్ అనే డాక్టరు 1982 నుంచి 1994 దాకా ఈ మాత్రలు మానుకునేవాళ్ళ కోసమే ఒక క్లినిక్ నడిపింది. చూసిందంతా 1999లో ఒక కరదీపికగా రాసి లోకానికి పంచింది. అందులో సారం ఇంతే: ఉన్న మోతాదులో ఇంచుమించు పదోవంతు తగ్గించు, వారమో రెండు వారాలో ఆగు, ఒళ్ళు కుదుటపడితే మళ్ళీ తగ్గించు, వేగం రోగి చేతిలో ఉండాలి, డాక్టరు చేతిలో కాదు. నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. మరీ పొట్టి ఆయువున్న మందుకు బదులు నిదానంగా దిగే డయాజెపామ్‌కు మార్చి తగ్గించే పద్ధతీ ఉంది. అమ్మ వయసు చూసి డాక్టరమ్మ దానికి పోలేదు, ఉన్న మందునే కొసరి కొసరి కోసుకొద్దామంది.

కోసే పని నాది. మాత్ర మీది గీత వెంట విరిస్తే సగం. సగాన్ని కొత్త బ్లేడుతో కోస్తే పావు, కాస్త పొడి. ఆ పొడిని కూడా అమ్మ వేలితో అద్దుకునేది. నూనెబొట్టంత మందు తగ్గితే కొండంత రాత్రి కూలి మీద పడేది. ఎవరికి చెబితే నమ్ముతారు? పావు బిళ్ళ గదా, అనేవాళ్ళు చూడొచ్చిన చుట్టాలు. పావు బిళ్ళే. ఆ పావులో నాలుగేళ్ళ నిద్ర ఉంది. ఆ పావులో అమ్మ ఎన్నాళ్ళుగానో చూడని తెల్లవారుజాములున్నాయి.

మే నెల వచ్చింది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఊరంతా వేషాలు కడుతుంది. బైరాగి వేషానికి ఒళ్ళంతా నామసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. అమ్మ కూడా ఆ యేడు వేషాలు కట్టింది, ఇంట్లోనే. తెల్లారేసరికి బైరాగి: సుద్ద పూసినట్టు పాలిపోయిన ముఖం, ఎవరితోనూ బంధం లేని చూపు. మధ్యాహ్నానికి బండ: కళ్ళలో కుంకుమ, నోట్లో ఎన్నడూ వినని తిట్లు. నన్ను తిట్టింది, నాయనను తిట్టింది, మాత్ర కనిపెట్టినవాడి వంశాన్ని తిట్టింది. మునిమాపుకు తోటి: మసి బొగ్గు దిగులు నెత్తి నుంచి పాదం దాకా. వీధిలో డప్పుల వరుస ఇంటి ముందుకు రాగానే అమ్మ దుప్పటి లోపలికి పోయి, "ఆపమను రా, నా ఎముకల్లో కొడతాండారు" అంది. గంగమ్మను ఎవరు ఆపగలరు? తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, అమ్మ చెవులు నా అరచేతులతో మూసి కూర్చున్నాను. నా చేతుల్లో ఆమె తల చిన్నపిల్ల తలలా ఉంది. అయ్యో, ఈ తల్లేనా జాతర నాడు నన్ను భుజాన ఎత్తుకుని, నల్లకోడి కన్నా గట్టిగా అరిచి వేషాలు చూపించింది!

మా అమ్మకు మంచముంది, డాక్టరమ్మ ఉంది, బ్లేడు పట్టే కొడుకున్నాడు. ఇవేవీ లేనివాళ్ళు గుర్తొస్తారు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో నిషా కోసం ఇదే అల్ప్రజోలం కలుపుతారు. తాగేది కల్లనే వాళ్ళకు తెలుసు, ఏ మాత్రకు బానిసలయ్యారో తెలియదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి దుకాణాలు మూతపడగానే, రోజు కూలీలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు కూడా వణుకుతూ, పలవరిస్తూ, ఫిట్సుతో నాలుక కరుచుకుంటూ హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు కట్టారు. ఊళ్ళో పిచ్చి పట్టిందన్నారు వాళ్ళను. పిచ్చి కాదు, అది వసూలుకొచ్చిన బాకీ. ఎవరో వాళ్ళ పేరు మీద చేసిన అప్పుకు వాళ్ళ ఒళ్ళు జప్తు అయింది. వాళ్ళ కోసం ఏడ్చినవాళ్ళు తక్కువ, నవ్వుతూ వీడియోలు తీసినవాళ్ళు ఎక్కువ.

చట్టం లేదని కాదు. 2014 మార్చి నుంచి అల్ప్రజోలం హెచ్ వన్ షెడ్యూలులో ఉంది. అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. రాసిన డాక్టరు పేరు, కొన్నవాళ్ళ పేరు ఖాతా పుస్తకంలో ఎక్కించి, మూడేళ్ళు దాచాలి. పుస్తకాలు దాచే ఉంటారు. మందుల షాపు కుర్రాడు మాత్రం నేను గడప ఎక్కగానే "అమ్మ మాత్రలేనా అన్నా" అని నవ్వుతూ తీసిచ్చేవాడు. ఆ నవ్వులో కూడా ప్రేమే ఉంది, అదే నా ఏడుపు. అర్ధరాత్రి భయం ముంచెత్తితే ఇప్పుడు 14416కు ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. 2021లో ఆ నంబరు ఇంకా పుట్టలేదు.

సగానికి దిగాక ఒక విచిత్రం మొదలైంది. అమ్మకు వాసనలు తిరిగొచ్చాయి. దామలచెరువు నుంచి ఎవరో తెచ్చిన మామిడిపండ్ల బుట్ట దగ్గర చాలాసేపు కూర్చుంది. ఆ సాయంత్రం బీరువా తెరిచి నాయన చొక్కా ఒకటి తీసి, మెడపట్టీ దగ్గర వాసన చూసి, మళ్ళీ మడతపెట్టింది. మర్నాడు అదే చొక్కా తీసింది. అప్పటికి నాకు అర్థమవలేదు. లెక్కల్లో నేను నిద్రనే రాసుకున్నాను, అమ్మ తాకట్టు పెట్టింది నిద్ర కోసమే అయినా, కుదువ పడింది ఏడుపు. నాయన పోయిన వారంలో పొంగాల్సిన కడలిని ఒక తెల్లబిళ్ళ గట్టు వేసి ఆపింది. బిళ్ళ అరిగేకొద్దీ గట్టు అరుగుతోంది. మెలకువతో పాటు మనిషి మేలుకుంటున్నాడు అమ్మ లోపల, చొక్కా వేసుకుని, చెప్పులు విడిచి, మంచినీళ్ళడుగుతూ. డాక్టరమ్మతో అంటే, "ఇది మానడం వల్ల వచ్చిన బాధ అనుకుని మోతాదు పెంచుతారు చాలామంది. వణుకు వేరు, దుఃఖం వేరు. వణుకుకు నేనున్నా, దుఃఖానికి మీరుండండి" అంది.

ఆ మరుసటి ఏడు నాయన తిథి నాడు పొద్దున్నే కపిలతీర్థం వెళ్ళి, మునిగి, పిండం పెట్టి వచ్చాం. మధ్యాహ్నం ఇంటినిండా చుట్టాలు. ఫొటో ముందు విస్తరి వేసి, రాగిసంగటి, చనిక్కాయల ఊరిబిండి, నాయనకిష్టమైన వడలు పెట్టాం. అప్పటికి అమ్మకు రాత్రి పూట పావు బిళ్ళ మాత్రమే మిగిలి ఉంది. సంగటి ముద్ద మీద నెయ్యి వేస్తూ వేస్తూ అమ్మ చెయ్యి ఆగింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రాగం, ఇంటి వాసాలు అదిరేలా లేచింది. "నా సామీ, ముద్ద చల్లారిపోతాంది రారా సామీ... గేటు కాడ నిలబెట్టి నిన్ను మూట గట్టిరి గదరా సామీ... ముఖం చూడనీలేదు గదరా..." వంట ఆగింది, పిల్లలు బెదిరి బయటికి పరుగెత్తారు. మామ లేచొచ్చి అమ్మ భుజాలు పట్టుకున్నాడు. చిన్నత్త నా వైపు తిరిగి, "ఇంట్లో పాయింట్ ఫైవ్ ఉండాది గదా, ఒగటేసి పండబెట్టు రా, మళ్ళా ఫిట్సొస్తాది" అంది.

అమ్మ తల తిప్పి చూసింది. కన్నీళ్ళు గడ్డం మీది నుంచి కారుతున్నాయి, చెయ్యి వణకడం లేదు.

"గమ్మునుండండి అందరూ," అంది. "మొగుడు సచ్చిపోతే ఏడవకూడదా? మాత్తర ఎందుకు దీనికి?"

పక్కింటి అత్త అప్పటికే గేటు తోసుకుని లోపలికొచ్చి, చెప్పులతోనే వచ్చి, అమ్మ మెడ మీద చెయ్యేసి కూలబడి, నాయన మంచితనం మీద రెండో చరణం ఎత్తుకుంది.